చాట్స్‌వర్త్ హౌస్

ఇంగ్లండ్ నడిబొడ్డున, డార్బీషైర్ కౌంటీలో, డెర్వెంట్ నది తూర్పు గట్టు మీద ఉన్న ప్రభు కుటుంబపు సౌధం చాట్స్‌వర్త్. బేక్‌వెల్ అనే చిన్న పట్నానికి దగ్గర. చెస్టర్‌ఫీల్డ్ రైల్వే స్టేషన్‌కు పశ్చిమంగా సుమారు 15 కిలోమీటర్లు. చుట్టూ ఉన్న కొండలూ బీడు నేలలూ కలిపి 1951లో పీక్ డిస్ట్రిక్ట్ జాతీయ పార్కుగా ప్రకటించారు. కావెండిష్ వంశం 1549లో ఈ భూమి కొన్నది. నేటికీ ఆ వంశానిదే. వంశ పెద్దకు డెవన్‌షైర్ డ్యూక్ అని బిరుదు. డెవన్ కౌంటీ ఎక్కడో నైరుతి మూల సముద్రం ఒడ్డున ఉంది, ఈ ఇల్లేమో కొండల మధ్య. బిరుదులో ఊరొకటి, కాపురం ఇంకొకటి. అక్కడి ప్రభు బిరుదుల లెక్కే అంత, దానికి కారణం వెతకనక్కర్లేదు.

ఇలాంటి భవనాల గురించి రాసేవాళ్లు ఎవరెవరు రాజులు వచ్చారు, ఎక్కడ పడుకున్నారు అన్నదానితో మొదలుపెడతారు. చాట్స్‌వర్త్ చరిత్రలో విశేషం దానికి తిరగబడి ఉంది. ఎవరి కోసం లక్షలు పోసి ఏర్పాట్లు చేశారో ఆ రాజులు చాలాసార్లు రానేలేదు. పిలవకుండా వచ్చిన జనమే చివరికి ఇంటిని నిలబెట్టారు.

బెస్ కట్టిన ఇల్లు

తొలి ఇల్లు కట్టించింది ఒక ఆడమనిషి. హార్డ్‌విక్ ఊరి చిన్న భూస్వామి కూతురు ఎలిజబెత్. చరిత్రలో ‘బెస్ ఆఫ్ హార్డ్‌విక్’గా ప్రసిద్ధి. ఆమెకు నాలుగు పెళ్లిళ్లు. ఒక్కో పెళ్లితో ఒక్కో మెట్టు పైకెక్కింది. రెండో భర్త సర్ విలియం కావెండిష్ రాజు ఖజానాలో ఉద్యోగి. ఎనిమిదో హెన్రీ కాలంలో మఠాలను మూయించి వాటి ఆస్తులు స్వాధీనం చేసుకునే పనిలో చేయి కలిపి బాగా గడించినవాడు. దక్షిణాదిన ఉన్న అతని భూములు అమ్మించి, తన పుట్టిన ప్రాంతంలో కొనిపించింది బెస్. చాట్స్‌వర్త్‌కు పెట్టిన ధర 600 పౌన్లు. 1552లో కట్టడం మొదలైంది. 1557లో కావెండిష్ చనిపోయినా ఆమె పని ఆపలేదు.

నాలుగో భర్త ష్రూస్‌బరీ ప్రభువు. ఎలిజబెత్ రాణి ఆయనకు ఒప్పగించిన పని స్కాట్లండ్ రాణి మేరీకి కాపలా కాయడం. దాంతో ఈ ఇంట అడుగుపెట్టిన తొలి రాణి బందీగా వచ్చింది. 1570 నుంచి 1584 మధ్య మేరీని పలుమార్లు ఇక్కడికి తెచ్చి ఉంచారు. ఇప్పుడు ఆమె పేరుతో పిలిచే గదులు ఆ తరువాతి కాలంలో తిరిగి కట్టినవే. ఆమె చూసిన గోడలు కావవి. బెస్ నాటి కట్టడాల్లో మిగిలినవి ముఖ్యంగా రెండు. నది పక్క రాతి అరుగులాంటి ‘మేరీ రాణి పొదరిల్లు’ ఒకటి. కొండ మీద 1580ల నాటి వేట బురుజు రెండోది. ఆడవాళ్లు అక్కడ కూర్చుని కింద జరిగే వేట చూసేవారు.

కోపంతో మొదలై ఆగని పని

ఇప్పుడు మనకు కనిపించే రూపం మొదటి డ్యూక్ చలవ. అప్పటికింకా ఆయన నాలుగో ఎర్ల్ మాత్రమే. రాజదర్బారులో కల్పెపర్ అనే కల్నల్‌తో తగవు పడి చేయి చేసుకున్నందుకు ఆయనకు 30,000 పౌన్ల జరిమానా పడింది. రెండో జేమ్స్ రాజుతో ఎలాగూ పడదు. లండన్ వదిలి వచ్చి 1687లో ఇంటి పని పెట్టించాడు. దక్షిణం వైపు ఒక్కటే మారుద్దామని మొదలుపెట్టి, ఒక వైపు పూర్తయ్యేసరికి మరో వైపు వెలితిగా తోచి, 20 ఏళ్లలో నాలుగు వైపులా కూల్చి కట్టించాడు. 1707లో పని ముగిసింది, ఆ ఏడే ఆయనా పోయాడు. దక్షిణ ముఖానికి విలియం టాల్మన్ వాస్తుశిల్పి. ఉత్తరపు వంపు ముఖం థామస్ ఆర్చర్‌దని చెబుతారు.

ఈ మధ్యలోనే 1688లో ఆయన మరో ఆరుగురితో కలిసి, వచ్చి దేశాన్ని చేపట్టమని హాలండ్‌లో ఉన్న విలియంకు లేఖ రాశాడు. విలియం వచ్చాడు, జేమ్స్ పారిపోయాడు. 1694లో డ్యూక్ బిరుదు దక్కింది. కొత్త రాజదంపతులు ఏనాటికైనా తన ఇంటికి రాకపోతారా అని రెండో అంతస్తులో రాజోచితమైన గదుల వరుస కట్టించాడు. కొలువు గది, ఆంతరంగిక మందిరం, పడకగది ఒకదాని వెంట ఒకటి. పైకప్పుల నిండా వెర్రియో, లగెర్ల చిత్రాలు, గోడలకు శామ్యూల్ వాట్సన్ చెక్కడం పని. విలియం రాలేదు, ఆయన రాణి మేరీ రాలేదు. కిందనున్న చిత్రమందిరంలో లగెర్ గీసినవి జూలియస్ సీజర్ జీవిత ఘట్టాలు. రాజుకు వినిపించవలసిన పొగడ్త గోడల మీదే ఉండిపోయింది.

తోటలో మెట్ల జలపాతం ఆ డ్యూక్ వేయించినదే. గ్రియే అనే ఫ్రెంచివాడు 1696లో రూపకల్పన చేశాడు, కొద్ది ఏళ్లకే దాన్ని పెంచి తిరిగి కట్టారు. 24 వరుసల రాతి మెట్లు. ఒక్కో వరుస వెడల్పు వేరు, గరుకు వేరు, కాబట్టి నీటి చప్పుడూ మెట్టు మెట్టుకూ మారుతుంది. నీటిని తోడే యంత్రమేదీ లేదు. కొండ మీది చెరువుల నుంచి పల్లానికి వచ్చే నీరే.

నాలుగో డ్యూక్ 1756–57లో కొద్ది నెలలు బ్రిటన్ ప్రధానమంత్రిగా ఉన్నాడు. ఇంటికి ఆయన చేసిన మార్పు దానికంటే పెద్దది. తోటల రూపశిల్పి ‘కేపబిలిటీ’ బ్రౌన్‌ను పిలిపించి గీత గీసినట్టున్న పూల మళ్లు తీయించి, కనుచూపు మేర పచ్చిక, విడివిడిగా చెట్లు, వంపు తిరిగిన నదిగా నేలనే మార్పించాడు. చూసేవారికి అది ప్రకృతి ఇచ్చినట్టే ఉంటుంది, అందులో చాలా భాగం మనిషి పని. మేడ కిటికీల్లోంచి ఎడెన్సర్ అనే ఊరు కనబడుతోందని, కనబడినంత మేర ఇళ్లు తీయించేశారు. 1840 ప్రాంతంలో ఆరో డ్యూక్ మిగతా ఊరిని కూడా కదిపి, కంటికి ఆనని చోట ఒక్కో ఇల్లూ ఒక్కో తీరున ముద్దుగా కట్టించాడు. ఊరు అందంగా ఉంది, నిజమే. అక్కడివాళ్లు ఎవరూ దాన్ని కోరి కదలలేదన్నదీ నిజమే. ఈ సంపదంతా కౌలు శిస్తుల నుంచీ, సీసం రాగి గనుల నుంచీ, ఐర్లండ్ భూముల నుంచీ వచ్చింది; నాలుగో డ్యూక్ పెళ్లితో బర్లింగ్టన్ ప్రభువు ఆస్తి కూడా కలిసింది.

పాక్స్‌టన్

చాట్స్‌వర్త్ కథలో డ్యూకుల కన్నా పెద్ద పేరు ఒక రైతు కొడుకుది. ఆరో డ్యూక్ పెళ్లి చేసుకోలేదు. పుస్తకాలు, శిల్పాలు, మొక్కలు ఆయన లోకం. 1826లో ఆయన జోసెఫ్ పాక్స్‌టన్ అనే 22 ఏళ్ల కుర్రాణ్ని ప్రధాన తోటమాలిగా తీసుకుని, మొదటి నికొలస్ జార్ పట్టాభిషేకానికి బ్రిటన్ రాయబారిగా రష్యా వెళ్లిపోయాడు. తొలిరోజు సంగతి పాక్స్‌టనే రాసిపెట్టాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు చేరుకున్నాడు, తలుపు తీసేవారు లేక గోడ దూకాడు, తోటంతా తిరిగాడు, ఆరింటికి కూలీలను పనిలో పెట్టాడు. ఆనక హౌస్‌కీపర్‌తో కలిసి ఫలహారం చేస్తుండగా ఆమె మేనకోడలిని చూసి మనసు పారేసుకున్నాడు. ఇదంతా తొమ్మిది కొట్టకముందే. మరుసటి ఏడు ఆ సారానే పెళ్లాడాడు. తరువాతి కాలంలో అతని లెక్కలూ వ్యవహారాలూ చక్కబెట్టింది ఆమే.

1836లో పాక్స్‌టన్ మొదలుపెట్టిన గాజు తోట పొడవు 277 అడుగులు, వెడల్పు 123 అడుగులు. గుర్రపు బండి ఒక తలుపున వచ్చి మరో తలుపున పోయేంత బాట మధ్యలో ఉండేది. 1843లో విక్టోరియా రాణి వచ్చినప్పుడు లోపల వేల దీపాలు వెలిగించి బండిలోనే తిప్పారు. పొగ కనిపించకూడదని బాయిలర్లు నేల కింద పెట్టారు, బొగ్గు సొరంగంలో వచ్చేది. అంత బొగ్గు తినే కట్టడం మొదటి ప్రపంచ యుద్ధంలో నిలవలేకపోయింది. వేడి లేక ఉష్ణమండలపు మొక్కలు చచ్చిపోయాయి. 1920లో దాన్ని డైనమైట్ పెట్టి పేల్చారు. మొదటి దఫా మందుకు అది కూలలేదు. ఆ పునాదుల నడుమే 1962లో నాటిన పొదల చిక్కుదారి ఇప్పుడు పిల్లలకు ఇష్టమైన చోటు.

1843–44లో జార్ నికొలస్ వస్తాడన్న కబురుతో పాక్స్‌టన్ మరో సాహసం చేశాడు. కొండ మీద చెరువు తవ్వించి, గొట్టాలు దింపి, పల్లపు ఒత్తిడి ఒక్కదానితోనే నీటిని ఎగజిమ్మించాడు. అది 296 అడుగులు లేచిందని లెక్క రాశారు. కొన్ని నెలల్లో, రాత్రుళ్లు దివిటీల వెలుగులో సాగిన పని. జార్ ఆ ఏడు ఇంగ్లండ్ వచ్చాడు గానీ చాట్స్‌వర్త్ రాలేదు. ఎంపరర్ ఫౌంటెన్ అన్న పేరు మాత్రం నిలిచింది. 1893 నుంచి దశాబ్దాల పాటు అదే చెరువు నీళ్లతో టర్బైన్ తిప్పి ఇంటికి కరెంటు తీశారు, 1988లో మళ్లీ కొత్త టర్బైన్ పెట్టారు. ముచ్చట కోసం తవ్విన చెరువు సంసారానికి పనికొచ్చిందన్నమాట.

1849లో దక్షిణ అమెరికాకు చెందిన భారీ కలువ విక్టోరియా బ్రిటన్‌లో తొలిసారి పూసింది ఇక్కడే. మనిషి పిల్ల నిలబడినా మునగని దాని ఆకు అడుగున ఈనెలు దూలాలూ వాసాల్లా ఎలా అల్లుకున్నాయో పాక్స్‌టన్ గమనించాడు. ఆ కలువకు కట్టిన గాజుకప్పులో, 1851 ప్రపంచ ప్రదర్శన కోసం లండన్‌లో లేపిన క్రిస్టల్ పాలెస్‌లో ఆ ఎరుక పనిచేసింది. తోటమాలి సర్ జోసెఫ్ అయ్యాడు, పార్లమెంటు సభ్యుడూ అయ్యాడు.

మన దేశానికీ ఈ తోటకూ లంకె ఉంది. 1835లో చాట్స్‌వర్త్ తోటమాలి జాన్ గిబ్సన్‌ను మొక్కల కోసం కలకత్తా పంపారు. అక్కడి బొటానికల్ గార్డెన్ అధికారి వాలిచ్ సాయంతో ఖాసీ కొండలు ఎక్కి, ఆర్కిడ్లు పెట్టెల కొద్దీ ఏరి 1837లో తిరిగొచ్చాడు.

అంతకన్నా దగ్గరి లంకె మన పళ్ల బండి మీదే ఉంది. మారిషస్ నుంచి ఇంగ్లండ్ చేరిన ఒక పొట్టి అరటి మొక్కను పాక్స్‌టన్ 1830 ప్రాంతంలో సంపాదించి గాజుకప్పు కింద పెంచాడు. 1835 నవంబరులో అది పూత వేసింది, మరుసటి వేసవికి గెల పండింది. యజమాని ఇంటిపేరు మీద దానికి కావెండిష్ అని పేరు పెట్టారు. మిషనరీలు ఆ పిలకలను పసిఫిక్ దీవులకు మోసుకెళ్లారు. 1950లలో పనామా తెగులు గ్రో మిషెల్ అనే అప్పటి ఎగుమతి రకాన్ని తుడిచిపెట్టేసరికి, దాన్ని తట్టుకోగల కావెండిష్ రకాలు ప్రపంచ మార్కెట్టును ఆక్రమించాయి. ఈ జాతి మొక్కలు ఆసియాలో పుట్టినవే, చాట్స్‌వర్త్ కనిపెట్టినవి కావు. పేరూ ప్రచారమూ మాత్రం అక్కడివి. మన కోస్తా జిల్లాల పొట్టి పచ్చ అరటి కావెండిష్ కుటుంబానిదే. అనంతపురం, కడప రైతులు జి-9 అని పిలిచే గ్రాండ్ నైన్ కూడా అదే. పులివెందుల తోటలో గెల కోసే రైతు నోట డ్యూక్ పేరు రాకపోవచ్చు, చేతిలో ఉన్నది మాత్రం ఆయన పేరిటి పండే.

ఇదే వంశం సైన్సుకూ పేరిచ్చింది. హైడ్రోజన్‌ను విడదీసి వివరించి, భూమి సాంద్రతను కొలిచిన హెన్రీ కావెండిష్ రెండో డ్యూక్ మనవడు. కేంబ్రిడ్జిలో 1874లో తెరిచిన కావెండిష్ లేబొరేటరీకి డబ్బిచ్చింది ఏడో డ్యూక్. ఎనిమిదో డ్యూక్ బిరుదుకు రాకముందు, 1880 నుంచి 1882 వరకు, లండన్‌లో భారత మంత్రిగా మన దేశపు ఫైళ్లు చూశాడు.

తలుపులు ఎప్పటివి

పన్నుల బాధ పడలేక ఇరవయ్యో శతాబ్దంలో ప్రభువులు ఇళ్లు తెరిచి టిక్కెట్లు అమ్ముకున్నారని సాధారణంగా అనుకుంటారు. చాట్స్‌వర్త్ విషయంలో అది సగమే నిజం. పద్దెనిమిదో శతాబ్దంలోనే, కాస్త మర్యాదగా కనబడే బాటసారి తలుపు తడితే హౌస్‌కీపర్ ఇల్లు చూపించేది. జేన్ ఆస్టిన్ 1813 నాటి నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో నాయిక ఎలిజబెత్, నాయకుడు డార్సీ భవనమైన పెంబర్లీని చూసేది సరిగ్గా ఇలాగే. పెంబర్లీయే చాట్స్‌వర్త్ అని గైడులు ఉత్సాహంగా చెబుతారు. నవలలో చాట్స్‌వర్త్ పేరు విడిగా వస్తుంది కాబట్టి ఆ మాటకు బలం తక్కువ. 2005 సినిమాలో మాత్రం పెంబర్లీ ఇదే. అప్పటి నుంచి కనోవా చెక్కిన ఎండిమియన్‌ను దాటుకుని డార్సీ విగ్రహాన్ని వెతికే సందర్శకులకు కొదవ లేదు.

1849లో మూడు మైళ్ల దూరంలోని రోజ్లీకి రైలు వచ్చింది. ఆ ఒక్క వేసవిలో సుమారు 80,000 మంది వచ్చారు. మిల్లు కార్మికులు, చిన్న వర్తకులు, సండే స్కూలు పిల్లలు. ఎవరొచ్చినా ఫౌంటెన్లు వదలమని ఆరో డ్యూక్ చెప్పి ఉంచాడు. అంతకు కొన్నేళ్ల ముందే ఆయన తన అక్కకు ఉత్తరం రాస్తున్నట్టుగా ఇంటి గురించి ఒక పుస్తకం రాసి అచ్చువేయించాడు. గది గదికీ ఒక కబురు, అక్కడక్కడా తన అతిఖర్చు మీద తనే ఎత్తిపొడుపు. ఇలాంటి ఇళ్ల మీద వచ్చిన రాతల్లో ఇంత మనిషి వాసన ఉన్నది అరుదు.

పన్నుల దెబ్బ

ఎనిమిదో డ్యూక్ 1908లో పోయినప్పుడు వారసత్వపు పన్ను కింద కట్టవలసినది 5 లక్షల పౌన్లు దాటింది. అపురూపమైన తొలి అచ్చు పుస్తకాలూ నాటకాల ప్రతులూ అమెరికా కోటీశ్వరుడు హంటింగ్టన్ చేతికి పోయాయి. లండన్‌లోని డెవన్‌షైర్ హౌస్ అమ్మారు, కొన్నవాళ్లు దాన్ని కూల్చేశారు. చిజిక్ భవనం కూడా చేజారింది.

1939లో యుద్ధం వచ్చేసరికి వేల్స్‌లోని పెన్రోస్ కాలేజి బాలికలకు ఇల్లు ఇచ్చారు. సైన్యానికి ఇస్తే ఏమవుతుందో తెలిసిన తెలివి అది. దాదాపు 300 మంది ఆడపిల్లలు ఏళ్ల తరబడి ఇక్కడే చదువుకున్నారు. విలియం రాజు కోసం అలంకరించిన గదుల్లో ఇనుప మంచాలు వేసుకుని, చలికి వణుకుతూ పడుకున్నది ఈ పిల్లలే.

1944లో పదో డ్యూక్ పెద్ద కొడుకు విలియం, జాన్ కెనెడీ చెల్లెలు కేథ్లీన్‌ను పెళ్లాడిన నాలుగు నెలలకే బెల్జియంలో తుపాకి గుండుకు పోయాడు. 1948లో కేథ్లీన్ విమాన ప్రమాదంలో చనిపోయింది. ఎడెన్సర్ చర్చి వెనక ఆమె సమాధిని 1963 జూన్‌లో అధ్యక్షుడు కెనెడీ వచ్చి చూసి వెళ్లాడు. వారసత్వం రెండో కొడుకు ఆండ్రూకు వచ్చింది. పదో డ్యూక్ ఆస్తిని ముందే అతని పేరు పెట్టాడు. ఆ తర్వాత ఐదేళ్లు బతికి ఉంటే పన్ను పడదు. గడువుకు 14 వారాలుందనగా, 1950 నవంబరు 26న, కట్టెలు కొడుతూ కుప్పకూలి పోయాడు. మొత్తం ఆస్తిలో 80 శాతం పన్ను పడింది.

ఇంగ్లండ్‌లో అప్పుడు పల్లె సౌధాలు వారానికొకటిగా కూలుతున్న కాలం. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఈ కూల్చివేతల మీదే ఒక ప్రదర్శన పెట్టింది. చాట్స్‌వర్త్ ఆ జాబితాకు ఎక్కకపోవడానికి కారణం అమ్మకాలు. స్కాట్లండ్‌లో వేల ఎకరాలు అమ్మారు. బెస్ కట్టించిన హార్డ్‌విక్ హాల్‌ను పన్ను కింద ప్రభుత్వానికి అప్పగిస్తే అది నేషనల్ ట్రస్టుకు చేరింది. హోల్బైన్ గీసిన ఎనిమిదో హెన్రీ బొమ్మ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకీ, క్లాడ్ లొరేన్ చిత్రాల పుస్తకం బ్రిటిష్ మ్యూజియంకూ పోయాయి. బాకీ తేలడానికి 17 ఏళ్లు పట్టింది.

1949లోనే ఇల్లు మళ్లీ జనానికి తెరిచారు. 1959లో ఆండ్రూ, ఆయన భార్య డెబొరా కాపురానికి వచ్చారు. మిట్‌ఫర్డ్ అక్కచెల్లెళ్లలో ఆఖరిది డెబొరా. నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు చాట్స్‌వర్త్ ఆవిడ చేతి పని. పట్నపు పిల్లలకు పాలు ఎక్కడి నుంచి వస్తాయో చూపాలని 1973లో పశువుల కొట్టం తెరిచింది, 1977లో ఎస్టేటు మాంసమూ కూరగాయలూ అమ్మే దుకాణం పెట్టింది. కోళ్లంటే ప్రాణం. డ్యూకు గారి భార్య కొట్టు పెట్టడమేమిటని మూతి విరిచినవాళ్లున్నారు. ఎకరం దాటిన పైకప్పుకు సీసం రేకు మార్పించే ఖర్చు తెలిసినవాళ్లు ఆ మాట అనరు.

అసలు మలుపు 1981. కళాఖండాల అమ్మకంతో మూలధనం సమకూర్చి చాట్స్‌వర్త్ హౌస్ ట్రస్టు అనే ధర్మసంస్థను ఏర్పాటు చేశారు. ఇల్లు, తోట, పార్కు 99 ఏళ్లకు దానికి లీజుకిచ్చారు. ట్రస్టు కట్టేది నామమాత్రపు అద్దె, ఏడాదికి 1 పౌను. కుటుంబం తాము ఉండే గదులకు ట్రస్టుకు మార్కెట్టు అద్దె చెల్లిస్తుంది. అంటే తాతల నాటి ఇంట్లోనే అద్దెకుంటున్నారు. టిక్కెట్ల డబ్బు డ్యూకు జేబుకు పోదు, మరమ్మతులకు పోతుంది. దీన్ని త్యాగమని పొగడనక్కర్లేదు. భూములూ బిరుదూ చాలావరకు కుటుంబం చేతిలోనే ఉన్నాయి. పన్నులకు ఇల్లు ముక్కలు కాకుండా కాపాడుకునే దారుల్లో ఇది మర్యాదైనది, జనానికి పనికొచ్చేది. 2004లో పన్నెండో డ్యూక్ వచ్చాక పదేళ్ల పైచిలుకు సాగిన మరమ్మతు 2018లో ముగిసింది. బొగ్గు పొగకు నల్లబడ్డ రాయి మళ్లీ తేనె రంగుకు వచ్చింది, కిటికీ చట్రాలకు బంగారు రేకు వేశారు.

చూడవలసినవి

లోపల తొందరపడకుండా చూడవలసినవి చిత్రమందిరం, రాజు రాని ఆ గదుల వరుస, శిల్పాల గ్యాలరీ. సంగీతపు గది లోపలి తలుపు మీద వేలాడే వయొలిన్ నిజమైనది కాదు, వాన్ డెర్ వార్ట్ వేసిన బొమ్మ. తీగలను ముట్టుకోవాలనిపించేంత నేర్పు. లియొనార్డో, రాఫేల్, రెంబ్రాంట్‌ల రేఖాచిత్రాలు ఈ ఇంటి అసలు నిధి. వెలుతురు తగిలితే పాడవుతాయి కనుక కొద్దికొద్దిగానే బయటపెడతారు. తోట 105 ఎకరాలు. పాక్స్‌టన్ పేర్చిన బండల తోట, లోహపు ఆకుల్లోంచి నీళ్లు చిమ్మే విల్లో చెట్టు ఫౌంటెన్, మెట్ల జలపాతం చూడడానికే ఒక పూట పడుతుంది.

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లోనూ చాట్స్‌వర్త్ ఉంది. వర్ణవివక్ష కాలంలో భారతీయులను తరలించి పెట్టిన శివారు అది. చెరకు తోటలకు వలస వెళ్లిన తెలుగు కుటుంబాల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఆ రెండూ కలగలిసి వస్తాయి, చూసుకోవాలి.

షెఫీల్డ్, చెస్టర్‌ఫీల్డ్ ఊళ్ల నుంచి ఇక్కడికి చేరుకోవడం సులువు. కొత్త ఏడాది మొదలయ్యాక వసంతం వచ్చేదాకా ఇల్లు సాధారణంగా మూసి ఉంటుంది కనుక తేదీలు ముందే చూసుకుని బయల్దేరండి. ఇంటికీ తోటకూ టిక్కెట్టు కొనాలి. నది పక్కన, జింకలు మేసే పార్కులో కాలిబాటన నడవడానికి మాత్రం ఏ టిక్కెట్టూ అక్కర్లేదు.